యమటో బదులు జపాన్ ఇంకేమి కట్టి ఉండాల్సింది?

గత సంచికలో యమటో యుద్ధనౌక గురించి వచ్చిన వ్యాసంలో, 1937లో నిర్మాణం మొదలైన ఆ నౌక తన ఫిరంగులతో శత్రు నౌకలపై తొలిసారి కాల్పులు జరిపింది 1944 అక్టోబరులోనేనని రాశాము. ఆ వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నలలో చాలా వరకు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. అదే ఉక్కు, అదే డబ్బు, అవే నౌకాశ్రయాలు ఉండగా యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం వేరే దారి పట్టి ఉండవచ్చునా అన్నదే ఆ విషయం. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: యమటో, దాని జంట నౌక ముసాషి రెండూ మానుకుని ఆ వనరులతో విమానవాహక నౌకలు కట్టి ఉంటే పసిఫిక్ యుద్ధం మరోలా ముగిసేదా?

జవాబు: కాగితం మీద లెక్క వేస్తే అవుననిపిస్తుంది. యమటో ప్రామాణిక బరువు సుమారు 64,000 టన్నులు. అదే 1937 నిర్మాణ ప్రణాళికలో మంజూరైన షోకాకు విమానవాహక నౌక బరువు సుమారు 25,700 టన్నులు. బరువు ప్రకారం చూస్తే ఒక్క యమటోకు రెండున్నర షోకాకులు వస్తాయి కాబట్టి, యమటో, ముసాషి వంటి రెండు బ్యాటిల్‌షిప్‌లు (భారీ ఫిరంగుల యుద్ధనౌకలు) వదులుకుంటే ఐదు పెద్ద విమానవాహక నౌకలు చేతికి వచ్చేవని చాలామంది వాదిస్తారు.

అయితే నౌకను బరువుతో మాత్రమే కొలవలేము. యమటో బరువులో చాలా భాగం 410 మిల్లీమీటర్ల మందం గల పక్క కవచం, 46 సెంటీమీటర్ల ఫిరంగులు, వాటిని మోసే గోపురాలు. విమానవాహక నౌకకు వాటితో పని లేదు. దానికి కావలసింది వేగం, వేగానికి కావలసింది యంత్రశక్తి. యమటో యంత్రాల శక్తి 1,50,000 హార్స్‌పవర్ కాగా అందులో సగం బరువైనా లేని షోకాకుకు 1,60,000 హార్స్‌పవర్ అవసరమైంది. ఐదు షోకాకులు కట్టాలంటే 8,00,000 హార్స్‌పవర్ శక్తి గల బాయిలర్లు, టర్బైన్లు తయారు కావాలి. రెండు యమటోలకు పట్టింది 3,00,000 మాత్రమే. ఆనాటి జపాన్ టర్బైన్ కర్మాగారాలు క్రూయిజర్లు, డిస్ట్రాయర్ల వంటి ఇతర యుద్ధనౌకల పని ఆపకుండా ఆ తేడాను పూడ్చగలిగేవని నేను అనుకోను. యంత్రాల లెక్కలో రెండు బ్యాటిల్‌షిప్‌లకు బదులుగా వచ్చేవి దాదాపు రెండు విమానవాహక నౌకలే.

ఆ రెండు నౌకలకైనా విమానాలూ పైలట్లూ ఎక్కడి నుంచి వచ్చేవారు? షోకాకు 1941 ఆగస్టులో, దాని జంట నౌక జుయికాకు 1941 సెప్టెంబరులో నౌకాదళంలో చేరాయి. పెర్ల్ హార్బర్ దాడి నాటికి ఈ రెండు నౌకల వైమానిక సిబ్బందికి తగినంత అనుభవం లేదని భావించి, లంగరు వేసి ఉన్న అమెరికా యుద్ధనౌకలను పాత నౌకల పైలట్లకు అప్పగించి, వీరిని ప్రధానంగా విమానాశ్రయాల మీదికి పంపారు. 1942 మే నెలలో కోరల్ సముద్ర యుద్ధంలో జుయికాకుకు దెబ్బ తగలకపోయినా, దాని విమానాలూ పైలట్లూ అంతగా నష్టపోయినందువల్ల నెల తిరగకుండానే జరిగిన మిడ్‌వే యుద్ధానికి ఆ నౌక వెళ్లలేకపోయింది. 1944లో పూర్తయిన ఉన్‌ర్యూ తరగతి నౌకల సంగతి మరీ దయనీయం. వాటి మీద ఎక్కించేందుకు శిక్షణ పొందిన వైమానిక దళాలే మిగలలేదు. యుద్ధానికి ముందు నౌకాదళం పైలట్లను ఏటా చాలా తక్కువ సంఖ్యలో, చాలా కఠినంగా వడపోసి తయారు చేసేది. నౌకలు పెంచి ఆ పద్ధతిని అలాగే ఉంచితే అదనపు నౌక అంటే అదనపు ఖాళీ డెక్ మాత్రమే.

మరొక మాట. జపాన్ విమానవాహక నౌకల విషయంలో ఏమీ ఆలోచించలేదనడం న్యాయం కాదు. యుద్ధనౌకలకు హద్దులు పెట్టిన వాషింగ్టన్, లండన్ ఒప్పందాల పరిమితి దాటకుండా, అవసరమైనప్పుడు కొద్ది నెలలలో విమానవాహక నౌకలుగా మార్చుకునే వీలుతో సహాయక నౌకలను ముందే కట్టి ఉంచింది. జలాంతర్గాముల సహాయక నౌకలుగా మొదలైన త్సురుగిజాకి, తకాసాకి తరువాత షోహో, జుయిహో అయ్యాయి. ప్రభుత్వ సహాయంతో ప్రయాణికుల నౌకలుగా మొదలైన కషివరా మారు, ఇజుమో మారు జున్యో, హియో అయ్యాయి. ఉన్న వనరులతో చేసిన ఏర్పాట్లలో తెలివైనది ఇదేనని నా అభిప్రాయం.

కాబట్టి మరో రెండు విమానవాహక నౌకలు ఉండి ఉంటే 1942లో ఏదో ఒక యుద్ధం ఫలితం మారి ఉండవచ్చు. కానీ అమెరికా ఎసెక్స్ తరగతిలో మొత్తం 24 పెద్ద విమానవాహక నౌకలను కట్టింది. ఆ ప్రవాహాన్ని రెండు నౌకలు ఆపలేవు.

ప్రశ్న: అసలు 46 సెంటీమీటర్ల ఫిరంగులే ఎందుకు ఎంచుకున్నారు?

జవాబు: పనామా కాలువ వల్ల. ఆనాడు ఆ కాలువ లాకుల వెడల్పు 110 అడుగులు, అంటే సుమారు 33.5 మీటర్లు. అంత పెద్ద ఫిరంగులు మోసే నౌకను అమెరికా కడితే అది లాకులలో పట్టదు. పట్టే నౌకను కడితే దాని ఫిరంగులు చిన్నవవుతాయి. సంఖ్యలో ఎలాగూ అమెరికాను అందుకోలేము కాబట్టి ఒక్కొక్క నౌకలో పైచేయి సాధించాలన్నది ఆలోచన. 1905లో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ఒక్క యుద్ధంలో తుడిచిపెట్టిన జ్ఞాపకం దీని వెనుక ఉంది. అమెరికా నౌకాదళం పసిఫిక్ దాటి వస్తుందని, దారిలో జలాంతర్గాములూ డిస్ట్రాయర్లూ దానిని తగ్గిస్తాయని, చివరికి జపాన్ సమీపంలో బ్యాటిల్‌షిప్‌లు తీర్పు చెబుతాయని వారు నమ్మారు.

ఆ నమ్మకానికి ఎంత ఖర్చు పెట్టారో చూడాలంటే నాగసాకి వైపు చూడాలి. మిత్సుబిషి యార్డులో ముసాషిని కడుతున్నప్పుడు కొండ మీద నుంచి ఎవరి కంటా పడకుండా స్లిప్‌వే (ఓడను కట్టి నీటిలోకి దింపే వాలు వేదిక) చుట్టూ నారతాళ్లతో అల్లిన పెద్ద పెద్ద తెరలు వేలాడదీశారు. ఫిరంగులనూ గోపురాల భాగాలనూ యమటోను కట్టిన కురే నుంచి నాగసాకికి తేవడానికి మామూలు ఓడ ఏదీ సరిపోకపోవడంతో కషినో అనే ఓడను ప్రత్యేకంగా ఆ పని కోసమే కట్టారు. కురేలో యమటో కోసం డ్రై డాక్‌ను లోతు చేశారు. ఒక నౌకను ఎంచుకోవడమంటే దాని చుట్టూ ఉన్న క్రేన్లనూ డాక్‌లనూ నిపుణులైన పనివారినీ అన్నేళ్ల పాటు ఆ నౌకకే కట్టేయడం.

ప్రశ్న: ఇది తప్పు దారి అని నౌకాదళంలో ముందుగా చెప్పినవారు ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు. వారిలో అందరికంటే స్పష్టంగా, లిఖితపూర్వకంగా చెప్పినవాడు ఇనోఉయె షిగెయోషి. నౌకాదళ వైమానిక విభాగానికి అధిపతిగా ఉన్న ఆయన 1941 జనవరిలో నౌకాదళ మంత్రి ఒయికావా కోషిరోకు ఒక సుదీర్ఘ నివేదిక సమర్పించాడు. అప్పుడు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఐదవ విస్తరణ ప్రణాళికను తయారు చేస్తున్నది; అందులో యమటోను మించి 51 సెంటీమీటర్ల ఫిరంగులు మోసే బ్యాటిల్‌షిప్‌లు కూడా ఉన్నాయి.

అమెరికా ఒకటి కడితే మనమూ ఒకటి కట్టాలన్న పద్ధతిని ఇనోఉయె సూటిగా తప్పుపట్టాడు. జపాన్ అమెరికాను ఓడించి దాని రాజధానిని పట్టుకోవడం అసాధ్యమని, అమెరికా మాత్రం జపాన్‌ను దిగ్బంధం చేసి దేశాన్నంతా ఆక్రమించగలదని రాశాడు. రాబోయే యుద్ధం బ్యాటిల్‌షిప్‌ల మధ్య కాదని, పసిఫిక్ దీవులలోని విమానస్థావరాల కోసం జరుగుతుందని, కాబట్టి భూస్థావరాల నుంచి ఎగిరే విమానాలను పెంచాలని కోరాడు. అన్నిటికంటే ముఖ్యంగా, దేశానికి ప్రాణాధారమైన సరుకు రవాణా మార్గాలను కాపాడే ఎస్కార్ట్ నౌకలకూ జలాంతర్గాములకూ ప్రాధాన్యం ఇవ్వాలన్నాడు.

ఆ నివేదికకు నౌకాదళంలో ఆదరణ దొరకలేదు. అదే సంవత్సరం ఆగస్టులో ఇనోఉయెను నాలుగవ నౌకాదళానికి (జపాన్ నౌకాదళంలోని ఒక నౌకా సమూహానికి) అధిపతిగా పంపించారు. 1943 నవంబరులో, రవాణా నౌకలు వరుసగా మునుగుతున్న సమయంలో, ఎస్కార్ట్ పనిని ఒకే చేతి కిందికి తెచ్చే ప్రధాన కమాండ్‌ను చివరకు ఏర్పాటు చేసినప్పుడు దానికి అధిపతిగా నియమితుడైనది ఎవరో తెలుసా? 1941లో ఆ నివేదికను అందుకున్న ఒయికావానే.

ప్రశ్న: ఎస్కార్ట్ నౌకలంటే చిన్న పడవల వంటివి కదా. వాటిని ఎక్కువగా కట్టి ఉంటే నిజంగా తేడా ఉండేదా?

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నిటిలో నాకు ముఖ్యమైనదిగా తోచింది ఇదే. నా దృష్టిలో యుద్ధానికి ముందు జపాన్ కట్టకుండా వదిలేసిన నౌక విమానవాహక నౌక కాదు, ఈ చిన్న నౌకే.

1941 డిసెంబరులో జపాన్ వద్ద సుమారు 60 లక్షల టన్నుల వాణిజ్య నౌకలు ఉన్నాయి. యుద్ధానికి దిగిన ప్రధాన కారణాలలో ఒకటి డచ్ ఈస్ట్ ఇండీస్ (నేటి ఇండోనేషియా) చమురు. ఆ చమురు పాలెంబాంగ్‌లో దొరికితే చాలదు, అది దక్షిణ చైనా సముద్రం మీదుగా జపాన్ చేరాలి. యుద్ధం మొదలయ్యే ముందు అధికారులు వేసిన అంచనాలో నౌకల నష్టం ఏడాదికి సుమారు 8 నుంచి 10 లక్షల టన్నుల వరకు ఉంటుందని, కొత్త నిర్మాణంతో దానిని చాలావరకు పూడ్చుకోవచ్చని భావించారు. 1943లో నష్టం సుమారు 18 లక్షల టన్నులు. 1944లో 38 లక్షల టన్నులకు పైగా. అందులో అత్యధిక భాగం అమెరికా జలాంతర్గాముల పని.

దీనికి ఎదురుగా యుద్ధారంభంలో జపాన్ వద్ద కైబోకన్ అనే తరగతి ఎస్కార్ట్ నౌకలు ఎన్ని ఉన్నాయి? నాలుగు. షిముషు తరగతికి చెందిన ఈ 860 టన్నుల నౌకలను కూడా కాన్వాయ్‌ల (కాపలాతో గుంపుగా సాగే సరుకు ఓడల) కోసం కాక, ఉత్తరాన కురిల్ దీవుల చుట్టుపక్కల చేపల వేట సాగించే జపాన్ ఓడలకు రక్షణగా రూపొందించారు. యుద్ధం వస్తున్నదని తెలిసిన తరువాత ఆదేశించిన ఎతోరోఫు తరగతి నౌకలు 1943లో గాని నీటిలో పనికి రాలేదు.

తెలియక చేసిన పొరపాటు అనడానికి కూడా వీలు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, జపాన్ తన డిస్ట్రాయర్లను మధ్యధరా సముద్రానికి పంపింది. మాల్టా స్థావరంగా అవి మిత్రదేశాల ఏడు వందలకు పైగా ఓడలకు కాపలాగా వెళ్లాయి. ఆ ఏడాది జూన్‌లో సకాకి అనే డిస్ట్రాయర్‌కు ఆస్ట్రియా జలాంతర్గామి టార్పెడో తగిలి 59 మంది చనిపోయారు. జలాంతర్గామి ఎంత ప్రమాదకరమో, కాన్వాయ్ ఎలా నడపాలో ఆ నావికులు కళ్లారా చూసి ఇంటికి వచ్చారు. ఇరవై ఏళ్లలో ఆ అనుభవం నౌకాదళ శిక్షణలో చోటు కోల్పోయింది. ఎస్కార్ట్ పని అంటే పేరు రాని పని అన్న భావన అధికారులలో స్థిరపడింది. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దాని మూల్యం చెల్లించింది ఆ అధికారులు కాదు. యుద్ధంలో 60 వేల మందికి పైగా జపాన్ వాణిజ్య నావికులు చనిపోయారు.

బ్రిటన్ ఏమి చేసిందో పోల్చి చూడండి. 1939లోనే ఫ్లవర్ తరగతి కార్వెట్‌లనే చిన్న ఎస్కార్ట్ నౌకలను ఆదేశించింది. తిమింగలాలను వేటాడే ఓడ నమూనా మీద గీసిన ఆ నౌకలు నెమ్మదైనవి, సముద్రంలో విపరీతంగా ఊగేవి, కానీ యుద్ధనౌకలు ఎప్పుడూ కట్టని చిన్న యార్డులు కూడా వాటిని కట్టగలిగేవి. తిమింగలాల వేట నౌకలు జపాన్‌కూ కొత్త కాదు. 1938లోనే అలాంటి ఒక సాదా నమూనాను నిర్ణయించుకుని చిన్న యార్డులకు ఇచ్చి ఉంటే, యుద్ధం మొదటి రోజు నాటికి నలభై యాభై నౌకలు సిద్ధంగా ఉండేవని అనుకోవడం అత్యాశ కాదు. యమటోను మానుకోవలసిన అవసరం కూడా ఉండేది కాదు. ఆ నౌకల యంత్రాలూ ఉక్కూ యార్డులూ వేరు.

సమయం కూడా జపాన్‌కు అనుకూలంగా ఉండేది. 1943 శరదృతువు వరకు అమెరికా జలాంతర్గాముల మార్క్ 14 టార్పెడోలు అనుకున్న లోతుకంటే కిందికి వెళ్లేవి, పేలవలసినప్పుడు పేలేవి కావు. అంటే దాదాపు రెండేళ్లు జపాన్‌కు దొరికాయి. ఆ రెండేళ్లలో కాన్వాయ్‌లను క్రమపద్ధతిలో నడిపి, సిబ్బందికి జలాంతర్గాములను వెదకడంలో తర్ఫీదు ఇచ్చి, జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జ్ బాంబులను తగినంత లోతులో పేలేలా అమర్చి ఉంటే 1944 నష్టాలు ఆ స్థాయికి చేరేవి కావని నేను నమ్ముతాను. అయితే నౌకల సంఖ్య ఒక్కటే చాలదు. రవాణా ఓడల సంకేత సందేశాలను అమెరికన్లు చదువుతున్నారు. జపాన్ ఎస్కార్ట్‌లలో రాడార్ ఆలస్యంగా వచ్చింది. యుద్ధం మరికొంత కాలం సాగేది, బహుశా. అమెరికా గెలుపు ఆగేది కాదు.

చివరికి జపాన్ కూడా ఈ దారికే వచ్చింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 170 కైబోకన్‌లు పూర్తి చేసింది. వంపుల బదులు చదునైన పలకలతో, భాగాలను విడివిడిగా తయారు చేసి కలిపే పద్ధతిలో కట్టిన ఈ నౌకలు చాలావరకు 1944, 1945లలో చేతికి వచ్చాయి. అప్పటికి కాపాడవలసిన ట్యాంకర్లలో అధిక భాగం సముద్రగర్భంలో ఉన్నాయి.

ప్రశ్న: జపాన్ జలాంతర్గాములు పెద్దవి, మంచివి అంటారు. వాటినే ఎక్కువగా కట్టి ఉంటే?

జవాబు: యుద్ధారంభానికి 60కి పైగా ఉన్నాయి, అవి నిజంగా మంచివే. అమెరికా విమానవాహక నౌకలలో మిడ్‌వే దగ్గర యార్క్‌టౌన్‌ను, 1942 సెప్టెంబరులో వాస్ప్‌ను ముంచింది జపాన్ జలాంతర్గాములే. లోపం సంఖ్యలో కాదు, వాటికి అప్పగించిన పనిలో. రవాణా నౌకల జోలికి పోకుండా యుద్ధనౌకల కోసం కాచుకోమన్నారు. ఆ తరువాత దీవులలో ఆకలితో ఉన్న సైనికులకు బియ్యం మోయించారు. మూడు విమానాలు మోసే 400వ నంబరు తరగతి జలాంతర్గాములు 18 కట్టాలనుకుని మూడు పూర్తి చేశారు. వాటి మీద పెట్టిన శ్రమ వృథా అయిందనే చెప్పాలి.

ప్రశ్న: నౌకలను కట్టే పద్ధతిలో కూడా తప్పులు జరిగాయా, లేక ఎంపికలోనేనా?

జవాబు: రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. 1930 లండన్ ఒప్పందం 600 టన్నుల లోపు నౌకలకు పరిమితి పెట్టలేదు. ఆ సందులో దూరి, డిస్ట్రాయర్‌కు తగిన ఆయుధాలను చిన్న టార్పెడో బోటు మీద ఎక్కించారు. 1934 మార్చి 12న ససెబో దగ్గర తుఫాను గాలిలో విన్యాసాలు చేస్తుండగా వాటిలో ఒకటైన తోమొజురు బోర్లాపడింది. వంద మంది చనిపోయారు. పైభాగం బరువెక్కి నిలకడ పోయిందని తేలి, ఎన్నో నౌకలను మళ్లీ డాక్‌కు తెచ్చి సవరించవలసి వచ్చింది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో నాలుగవ నౌకాదళం పెనుతుఫానులో చిక్కుకున్నప్పుడు హత్సుయుకి, యూగిరి డిస్ట్రాయర్ల ముందు భాగాలు విరిగి కొట్టుకుపోయాయి. దర్యాప్తులో నిర్మాణ బలహీనతతో పాటు ఎలక్ట్రిక్ వెల్డింగ్ మీద కూడా అనుమానం పడింది. ఆనాటి వెల్డింగ్‌లో లోపాలు లేవని కాదు. కానీ వాటిని సరిదిద్దడానికి బదులు, బలం మోసే ముఖ్య భాగాలలో వెల్డింగ్‌ను వదిలి రివెట్ల వైపు మళ్లారు. అదే కాలంలో అమెరికా వెల్డింగ్‌ను పట్టుదలతో అభివృద్ధి చేసుకుని, యుద్ధంలో ఓడలను నెలలు కాదు వారాలలో దింపగలిగింది. జపాన్ 1944లో మత్సు తరగతి డిస్ట్రాయర్లతో, కైబోకన్‌లతో మళ్లీ వెల్డింగ్‌కు వచ్చి, నిర్మాణ కాలాన్ని గణనీయంగా తగ్గించుకుంది. ఏ నౌక కట్టాలన్న వాదన గురించి చాలా రాస్తారు గాని, ఈ సాంకేతిక నిర్ణయం వల్ల పోయిన సంవత్సరాల గురించి తగినంతగా రాయరు.

ప్రశ్న: వాషింగ్టన్ ఒప్పందంలోనే కొనసాగి ఉంటే జపాన్‌కు మేలు జరిగేదా?

జవాబు: జరిగేదనే నా నిశ్చితాభిప్రాయం. 1922 ఒప్పందంలో బ్యాటిల్‌షిప్‌లకు అమెరికాకు 5,25,000 టన్నులు, జపాన్‌కు 3,15,000 టన్నులు నిర్ణయించారు. పదికి ఆరు అన్న ఈ నిష్పత్తిని చాలామంది అధికారులు అవమానంగా తీసుకుని ఏడు కావాలని పట్టుబట్టారు. కాని ఆ సదస్సుకు జపాన్ ప్రతినిధిగా వెళ్లిన నౌకాదళ మంత్రి కతో తోమోసబురో దానిని వేరుగా చూశాడు. డబ్బు లేనిదే యుద్ధం చేయలేమని, అప్పు ఇవ్వగలిగినది అమెరికా ఒక్కటేనని, అలాంటి దేశంతో యుద్ధానికి దిగడం కుదరదని తన వెంట ఉన్న హోరి తెయికిచి చేత రాయించి తోక్యోకు పంపాడు. పారిశ్రామిక శక్తిలో పదికి ఒకటి కూడా లేని దేశానికి నౌకలలో పదికి ఆరు ఇచ్చిన ఒప్పందం అది. అది కట్టేసింది అమెరికా చేతులనే.

1934 డిసెంబరులో జపాన్ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్లు నోటీసు ఇచ్చింది. అదే నెలలో హోరిని క్రియాశీల సేవ నుంచి తప్పించారు. పరిమితి పోయాక అమెరికా కొంతకాలం నెమ్మదిగానే కదిలింది, కానీ ఫ్రాన్స్ పతనం తరువాత 1940 జూలైలో ఒకే చట్టంతో 13,25,000 టన్నుల కొత్త యుద్ధనౌకలను మంజూరు చేసింది. 1941 చివరికి జపాన్ కోరుకున్నట్లే దాని నౌకాదళం అమెరికా నౌకాదళంలో సుమారు 70 శాతానికి చేరింది. అమెరికాలో కడుతున్న నౌకలను కూడా లెక్కలోకి తీసుకుంటే అది 1943లో 50 శాతానికి, 1944లో 30 శాతానికి పడిపోతుందని నౌకాదళ ప్రధాన కార్యాలయమే అంచనా వేసింది. ఆ అంచనాను చూసి రాజీకి రావాలన్నవారి మాట చెల్లలేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ యుద్ధం చేయలేమన్నవారు దానినే తమ వాదనకు ఆధారంగా చూపించారు.